బెదరని పిల్ల

మా వీధిలో పసిపిల్లలు చప్పుడుకు లేవరు. చప్పుడు ఆగితే లేస్తారు.

తిరుత్తణిలో మాది నేతగాళ్ళ వీధి. తెల్లారి మొదలైన మగ్గాలు దీపాలు పెట్టేదాకా టకటకలాడుతూనే ఉంటాయి. మగ్గం పక్కనే దూలానికి చీరతో ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెడతారు. కడుపులో ఉన్నప్పటినుంచీ వింటున్న చప్పుడు కదా, బిడ్డలకు అదే జోలపాట. మధ్యాహ్నం అన్నాలవేళ మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతాయి. అప్పుడు ఈ ఇంట్లో ఒకటి, ఆ ఇంట్లో ఒకటి పిల్లలు లేచి ఏడుపు మొదలుపెడతారు. తల్లులు చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుతారు.

నా కూతురు వల్లి మాత్రం లేచేది కాదు.

"ఎంత నెమ్మదో నా తల్లి! నిన్ను ఒక్క కవళం ప్రశాంతంగా తిననిస్తాండాది. మీ అమ్మ పసిదప్పుడు నన్ను ఏడిపించి చంపినాది," అనేది అవ్వ.

అవ్వంటే ధనమ్మ. మా అమ్మకు అమ్మ, నాకు అత్త కూడా. ఆమె చిన్నకొడుకు రాజమాణిక్యం నాకు మేనమామ. నేను పెద్దమనిషినైన ఏడాదే బడి మానిపించారు. "నా కూతురి బిడ్డ నా ఇంటికే రావాల" అని అవ్వ పట్టుబట్టి మామకిచ్చి చేసింది. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని కొండమీద తిరునాళ్ళు చూపించిన మామ, పెళ్ళైనాక నాతో ఏం మాట్లాడాలో తెలియక తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకునేవాడు. నాకూ అంతే.

మామ మగ్గం ఎక్కలేదు. తిరువళ్ళూరులో ఒక లేత్ పట్టరలో, ఇనుప సామాన్లు తిప్పే కార్ఖానాలో, పని. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చేవాడు. మద్రాసులో తుపాకీ కాల్చే క్లబ్బు ఒకటుంది. అక్కడినుంచి గోపాలన్ అని ఒక పెద్దాయన, పటాలంలో చేసి రిటైరైనవాడు, విరిగిన ట్రిగ్గర్ పట్టుకుని ఒకసారి ఆ పట్టరకు వచ్చాడు. మామ దాన్ని చేసిచ్చాడు. "సరిగ్గా ఉండాదో లేదో నువ్వే కాల్చి చూడు" అని ఆయన క్లబ్బుకు పిలిచాడు. అంతే. ఆ రోజునుంచి మా మామ మనిషి ఇక్కడ, మనసు అక్కడ.

గెలిచిన కప్పులు ఇంట్లో వరసగా ఉండేవి. అవ్వ ఒకదాంట్లో ఆవాలు పోసింది, ఒకదాంట్లో మెంతులు. "మూత గూడా ఇచ్చింటే బాగుణ్ణు," అనేది.

క్లబ్బులో అందరూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే. మామ మధ్యాహ్నం తన క్యారియర్ తీసుకుని గోడవారగా ఒక్కడే కూర్చుని తింటాడని ఒకసారి తనే చెప్పాడు. బాధపడుతూ చెప్పలేదు. వాన కురిసిందని చెప్పినట్టు చెప్పాడు. అక్కడి పెద్ద తుపాకుల మోతకు ఎడమచెవి మందగించింది. ఆ పక్కనుంచి పిలిస్తే పలికేవాడు కాదు.

వాళ్ళ తుపాకులు చూసి చూసి, తనకంటూ ఒకటి చేసుకోవాలని మొదలుపెట్టాడు. మందుతో పేలేది కాదు, గాలితో కొట్టేది. లోపల స్ప్రింగు, గాలిని నెట్టే ముషలకం అన్నీ లేత్ మీద తనే తిప్పుకున్నాడు. గాలి పోకుండా ఉండే తోలు బిళ్ళను సైకిల్ పంపులోది తీసి కోసుకున్నాడు. కట్టెపనికి మా తాత మగ్గం మాను ఒకటి అటకమీదినుంచి దించాడు. బట్ట చుట్టుకుని చుట్టుకుని అద్దంలా నున్నబడిన టేకు. దాన్ని కోస్తుంటే అవ్వ పెరట్లోకి పోయి కూర్చుంది, చూడలేక. చెంప ఆనే చోటు తన చెంపకు సరిపోయేదాకా గీకడం, ఆనించుకుని చూడడం, మళ్ళీ గీకడం. నెలలు గడిచాయి. నేను కడుపుతో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని, వల్లి బోర్లా పడేటప్పటికి గానీ ఒక రూపానికి రాలేదు.

నేతగాళ్ళ ఇళ్ళు పొడుగు. మగ్గాలు తీసేశాక మా ఇల్లు చెప్పుకోదగ్గ సామాన్లు కూడా లేని పొడుగాటి గుహలాగా ఉండేది. పెరటి తలుపు దగ్గర మామ నిలబడేవాడు. వీధి గది గోడకు పలక, పలక వెనుక నూలు తుక్కూ ఇసుకా కూరిన గోతం, ముందర తెల్ల అట్ట, దానిమీద నల్లచుక్క. సరిగ్గా పోటీల్లో పెట్టే దూరమే కుదిరింది. ఆయన గురిచూసే సమయంలో నేనూ అవ్వా వంటింట్లోనే ఉండాలి, మాట్లాడకూడదు. మామ ఇంకా పూర్తికాని ఆ తుపాకీనే ఎత్తి చాలాసేపు కాల్చకుండా నిలబడేవాడు. ఊపిరి తీసుకుంటున్నట్టు కూడా కనిపించేది కాదు. ఇంట్లో ముగ్గురు మనుషులున్నా ఎవరూ లేనట్టుండేది. పొయ్యిమీద అన్నం ఉడుకుతున్న చప్పుడు వినుకుంటూ కూర్చునేదాన్ని నేను.

ఒకసారి అడిగాను. "మామా, అంతసేపు ఏం జేస్తావు నిలబడి?"

"బెదరకుండా ఉండేది నేర్చుకుంటాండా," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఎప్పుడూ లేనిది వివరంగా చెప్పాడు. "చుక్క కనబడేది కష్టం గాదు దేవకీ. తుపాకీ ఇప్పుడు పేలతాదని మనకు ముందే తెలుసు గదా, ఒళ్ళు ముందే ఉలిక్కిపడతాది. రెప్పపాటంత. గుండు అట్లే పక్కకు పోతాది. ఎంత పెద్ద మొనగాడికైనా ఉండాది ఆ రోగం. అది లేనోడే గెలిచేది."

తుపాకీ పూర్తయిన రోజు మొదటిసారి కాల్చినప్పుడు వల్లి గది మధ్యన గోడవారగా చాపమీద ఉంది. నేను తీసుకునేలోపలే టప్పుమంది. తగరపు డబ్బా మీద సుత్తితో కొట్టినట్టు. నేను ఉలిక్కిపడ్డాను. అవ్వ "మురుగా!" అంది. వల్లి తన కాలిబొటనవేలు నోట్లో పెట్టుకుని, దాన్ని ఎంత లోపలికి తోయొచ్చో చూసుకుంటోంది.

మామ మళ్ళీ కాల్చాడు. చూశాడు. తుపాకీ గోడకానించి వచ్చి వల్లిని రెండుచేతులా పైకెత్తాడు.

"మా! చూసినావా మా! బెదరలా! కొంచెం గూడా బెదరలా!"

"నీ బిడ్డ గదరా," అంది అవ్వ.

అంతవరకు ఆ బిడ్డను ఎలా పట్టుకోవాలో కూడా తెలియనట్టు దూరంగా ఉండేవాడు మామ. ఆ రోజునుంచి రైలు దిగి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని నేరుగా వల్లి దగ్గరికే వచ్చేవాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని తుపాకీ చూపించి, ఇది స్ప్రింగు, ఇది గడియ అని చెప్పేవాడు. నాతో నాలుగేళ్ళలో మాట్లాడనన్ని మాటలు దానితో మాట్లాడాడు. వల్లి ఆయన పెదాలవైపే కళ్ళార్పకుండా చూసేది. ఎదురింటి కుప్పమ్మక్క వచ్చి, "యాడమే తుపాకోడి కూతురు? బెదరదంటనే, నేనూ చూస్తా" అని కూర్చునేది. మామ కాల్చి చూపించేవాడు. కుప్పమ్మక్కా అవ్వా చప్పట్లు కొట్టేవాళ్ళు.

కుప్పమ్మక్క కొడుకు మా వల్లికంటే నెల చిన్న. వీధిలో గాజులమ్మేవాడి కేక వినబడితే ఒళ్ళోంచి దూకబోయేవాడు. "అత్త, అత్త" అని రాగం తీసేవాడు. వల్లి కూడా మొదట్లో "బ్బ బ్బ" అనేది. పళ్ళు వచ్చేటప్పటికి అదీ మానేసింది.

నాకు అనుమానం మొదలైంది, మొదట బిందెతో పరీక్షించి చూశాను. వల్లి అటు తిరిగి ఆడుకుంటుంటే వెనకనుంచి ఖాళీ బిందె దబ్బున పడేశాను. తిరిగి చూసింది! నా ప్రాణం లేచొచ్చింది. ఆ పూట మురుగన్ పటానికి కొబ్బరికాయ కొట్టాను, ఎందుకని అవ్వ అడిగితే చెప్పలేదు. మర్నాడు మనసు ఒప్పక, పాతచీర నాలుగు మడతలు పరిచి దానిమీద పళ్ళాన్ని గరిటెతో బాదాను. నేల అదరలేదు. వల్లి తిరగలేదు. ఎదురింట్లో మగ్గం ఆగి, "ఏందిమే దేవకీ, ఎవర్ని లేపతాండావు?" అని కుప్పమ్మక్క కేకేసింది.

అవ్వతో అన్నాను. "అవ్వా, వల్లికి చెవులు వినబడతాయా?"

అవ్వ బియ్యం చెరుగుతోంది. చేట ఆపింది.

"నోరు గడుక్కో పో. పిల్ల నెమ్మదిగా ఉంటే చెవుడంటావా? రేయింబవళ్ళూ అరిచే బిడ్డయితే నీకు బాగుణ్ణా? వాడి ముందర అన్యావంటే చూడు. వాడికి ఈ లోకంలో ఉండే సంతోషం అది ఒకటే."

ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. అది నిజం. నాలుగేళ్ళుగా ఆ మనిషి మొహంలో నవ్వు కోసం ఎదురుచూసినదాన్ని నేను. ఇప్పుడొచ్చింది. అది నాకోసం రాకపోయినా వచ్చింది. ఆ నవ్వు పుట్టిన చోటే నా భయం కూడా ఉంది. ఒకటి తీస్తే రెండోది ఊడిపడుతుంది. కానీ చెప్పకపోతే బిడ్డ గతేమిటి? వైద్యం ఏదన్నా ఉంటే దాని వేళ దాటిపోతుందేమో. అన్నం తింటున్నా అదే, నీళ్ళు చేదుతున్నా అదే. చెప్పుకోవడానికి అమ్మ ఊత్తుకోట పక్కన పల్లెలో ఉంది. ఎదురుగా ఉన్న అవ్వ వినదు. ఆయనకు ఆ చెవి వినబడదు, ఈ చెవితో వినే మాట కాదు.

ఒక ఆదివారం గోపాలన్ గారు మా ఇంటికి వచ్చారు. మామ చేసిన తుపాకీని చూసి, బాగుంటే మద్రాసులో గాలి తుపాకులు తయారుచేసే ఒక ముతలాళికి, ఫ్యాక్టరీ యజమానికి, చూపిస్తానన్నారు. అవ్వ ఇల్లంతా అలికి ముగ్గేసింది. తుపాకీ కట్టెకు ఒక మూల కాటుకచుక్క కూడా పెట్టింది, దిష్టి తగలకుండా. మామ తుడవబోతే, "మీరు చుక్కబెట్టి దాన్నే కొడతారు. నేను చుక్కబెట్టి కాపాడతా. ఉండనీ," అంది.

గోపాలన్ గారు తెల్లమీసాల మనిషి, చేతికర్రతో నడుస్తారు. తుపాకీని చేతుల్లోకి తీసుకుని తూచారు. కట్టెను చెంపకు ఆనించి కళ్ళు మూసుకున్నారు. ట్రిగ్గర్ మీద వేలుపెట్టి ఎన్నోసార్లు నొక్కి చూశారు. ఆఖరికి, "రొంబ నల్లాయిరుక్కు, మాణిక్యం. రొంబ నల్లాయిరుక్కు," అన్నారు, చాలా బాగుందని. మామ కాల్చి చూపించాడు. అట్టమీద కొట్టిన గుళ్ళన్నీ ఒకే చిల్లులోంచి దూరినట్టు పడ్డాయి. ఆయన ఆ అట్టను వెలుతురుకెత్తి దాంట్లోంచి పెరట్లోకి చూశారు.

మామకు ఆ సంతోషం సరిపోలేదు.

"సార్, మా పాపను చూడండి సార్. ఎంత దగ్గర కొట్టినా బెదరదు," అని వల్లిని తెచ్చి తన కాళ్ళ దగ్గరే చాపమీద కూర్చోబెట్టాడు. నేను వంటింటి గడపలో కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

టప్పుమంది. గోపాలన్ గారే రెప్పలార్చారు. వల్లి ఆయన చేతికర్రనే చూస్తోంది.

ఆయన పగలబడి నవ్వారు. "షూటర్! ఇదుదా పిరవి షూటర్! ఎంగ, ఇన్నొరు తడవ!" పుట్టుకతోనే షూటరట, ఇంకోసారి కాల్చమన్నారు.

అవ్వ మురిసిపోయింది. మామ ఇంకో గుండు పెట్టాడు. నాకు ఆ క్షణంలో ఒకటే కనబడింది: ఇది పెద్దదై, పెళ్ళీడుకొచ్చినా వీళ్ళు ఇట్లా కాల్చి కాల్చి చప్పట్లు కొడుతూనే ఉంటారు, దాని వెనకాల.

"అది బెదరకుండా ఉండేది గాదు మామా," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "దానికి వినపడలా."

మామ తుపాకీ దించలేదు.

"సుమ్మా ఉండుమే. లోపలికి పో."

"పళ్ళెం కొట్టి చూసినా. పేరు పెట్టి పిలిచి చూసినా. మగ్గాలు ఆగితే వీధిలో పిల్లలందరూ లేస్తారు, ఇది లేవదు. మామా, దానికి మొదట్నుంచే వినపడలా."

"మా ఇంటిదానికి భయం సార్. దేనికైనా భయపడతాది. చిన్నపిల్ల," అన్నాడు మామ ఆయనతో, నేనేదో పొరుగింటిదాన్నయినట్టు. తర్వాత గురిచూసి కాల్చాడు. గుండు అట్టకు తగలనేలేదు, పలక అంచున చెక్క లేచింది. కాల్చేటప్పుడు ఆయన చూపు చుక్కమీద లేదు. కిందకు, వల్లి వీపు మీద ఉంది.

గోపాలన్ గారు కాఫీ సగం తాగి గ్లాసు కిందపెట్టారు. "కొళందయ... పాపను పెద్ద డాక్టరుకు చూపించు మాణిక్యం," అన్నారు మెల్లగా. తుపాకీని దుప్పటిలో చుట్టుకుని, ముతలాళికి చూపించి కబురు చేస్తానని వెళ్ళిపోయారు.

మామ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పరాయి మనిషి ముందర అంటివి," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత పొద్దున రైలు, సాయంత్రం రైలు, పెట్టింది తినడం. వల్లి దగ్గరికి కూడా రాలేదు. అది ఆయన వచ్చే వేళకు గడపదాకా పాకి, తలెత్తి చూసి, ఆయన దాటిపోతే అక్కడే కూర్చునేది. అవ్వ నాతో మాట్లాడడం మానేసి పొయ్యితో మాట్లాడేది. "కొందరికి నవ్వే మనిషిని చూస్తే ఓర్వలేని బుద్ధి."

అమావాస్య వచ్చింది. అమావాస్యకు మా వాళ్ళు మగ్గం తొక్కరు. వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంటుంది. మామ ఆ రోజు పనికి పోలేదు. నేను పెరట్లో బట్టలు ఉతికి లోపలికి వస్తే గది మధ్యన వల్లి వీధి తలుపువైపు తిరిగి గోళీకాయతో ఆడుకుంటోంది. దాని వెనకాల మామ నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు, మోచేతులు ఆనించి, పెద్ద తుపాకీతో పడుకుని కాల్చేవాళ్ళు పడుకున్నట్టు. చేతిలో ఏమీ లేదు.

"వల్లీ," అన్నాడు. గుసగుసగా.

కొంచెం ఆగి, "వల్లీ," అన్నాడు, మామూలుగా.

తర్వాత "వల్లీ!" అని అరిచాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఇంకోసారి, ఇంకోసారి. మగ్గాల్లేని వీధిలో ఆ కేక ఈ కొసనుంచి ఆ కొసకు పోయింది. కుప్పమ్మక్క పరుగెత్తుకొచ్చి గడపలో ఆగిపోయింది. వల్లి ఆమెను చూసి నవ్వింది. వెనక్కు తిరగలేదు.

మామ అట్లే నుదురు నేలకానించి పడుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను, కుడిచెవి వైపు.

"బెదరాల గదా దేవకీ," అన్నాడు. "ఒక్కసారన్నా బెదరాల గదా."

మరుసటి రోజే మద్రాసు పట్నం పోయాం. పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరు వల్లి వెనకాల గిలక ఆడించారు, గంట కొట్టారు, ఏదో ఇనుపకడ్డీ మోగించి తల వెనక పెట్టారు. చాలాసేపు చూశారు. తర్వాత తమిళంలో అడిగారు, మీకు సొంతంలో పెళ్ళా అని.

"మా అక్క కూతురు సార్," అన్నాడు మామ.

డాక్టరు తలాడించి రాసుకున్నారు. పుట్టుకతోనే వినికిడి లేదని, మందులతో వచ్చేది కాదని, కొంచెం పెరిగాక ఇలాంటి పిల్లల బడిలో చేర్చాలని, పెదాలు చూసి మాట నేర్చుకుంటారని చెప్పారు. మామకు అవేవీ చెవికెక్కినట్టు లేదు.

"సార్, నేను తుపాకీ కాల్చేవాణ్ణి. ఈమె కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో స్ప్రింగు అవీ కొట్టి చూసేవాణ్ణి. దానివల్ల అయ్యుంటాదా?"

"లేదు. దానివల్ల కాదు," అన్నారు డాక్టరు. "రక్తసంబంధంలో చేసుకుంటే ఒక్కోసారి ఇలా అవుతుంది. మీ తప్పు ఏం లేదు."

తుపాకీ వల్ల కాదని విన్నాక ఆయన మొహం తేలికపడుతుందనుకున్నాను. ఇంకా నల్లబడింది. తుపాకీ అయితే పక్కన పెట్టేవాడు. నన్ను ఎట్లా పక్కన పెడతాడు? తనను తాను ఎట్లా పక్కన పెట్టుకుంటాడు?

తిరుగు రైల్లో కిటికీ దగ్గర సీటు దొరికింది. తిరువళ్ళూరులో రోజూ ఆయనతో పోయివచ్చే మనుషులు ఎక్కారు. "ఏమప్పా మాణిక్యం, కుటుంబంతో బయల్దేరినావే, సినిమాకా?" అని ఒకాయన హాస్యమాడాడు. మామ "ఆఁ" అన్నాడు. తిరువాలంగాడు దాటేదాకా వల్లి ఆయన గడ్డం పట్టుకుని పెదాలు కదిలించమన్నట్టు లాగుతూనే ఉంది. ఆయన కదిలించలేదు. నేను వాళ్ళిద్దర్నీ చూస్తూ, ముగ్గురం ఒకే బెంచీ మీద ఉన్నా మూడు రైళ్ళలో పోతున్నట్టు కూర్చున్నాను.

ఇంటికి చేరేటప్పటికి అవ్వ అరుగుమీద ఉంది. లేచింది.

"ఏం జెప్పినార్రా? ఏం లేదన్యారు గదా? నేను చెప్పలా?"

"వినబడదంట మా," అన్నాడు మామ. "ఎప్పటికీ."

అవ్వ అరుగుమీద మళ్ళీ కూర్చుంది. "ఎందుకంట?" అంది.

మామ నావైపు చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడిగినట్టు చూడడం అదే మొదటిసారి. నా కూతురి బిడ్డ నా ఇంటికే రావాలని ఊత్తుకోట పల్లెకు నడిచివచ్చి అమ్మ కాళ్ళావేళ్ళా పడినది ఈ ముసలామే. నేను తల అడ్డంగా ఊపాను, కనబడీ కనబడనట్టు.

"ఏమో మా. తెలీదంట వాళ్ళకు గూడా," అన్నాడు మామ.

"తెలీకపోతే ఏం డాక్టర్లు! నా తల్లి. నా బంగారు. వల్లీ! ఒసే వల్లీ, ఇట్ల రామ్మా!" అవ్వ అరుస్తోంది. వల్లి నా భుజంమీద వీధివైపు తిరిగి ఉంది. అవ్వ మళ్ళీ పిలిచింది, మళ్ళీ పిలిచింది, ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా. వీధిలో రెండు మగ్గాలు ఆగాయి.

నేను అవ్వ చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పి నా వెనక్కు, వల్లి మొహానికి ఎదురుగా తీసుకొచ్చాను.

"ఇక్కణ్ణుంచి పిలువవ్వా. ఎదరకొచ్చి పిలిస్తే చాలు. అరవాల్సిన పన్లేదు."

అవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. పెదాలు మాత్రం వణికాయి. వల్లి ఆ పెదాలనే చూసి, నా భుజంమీదినుంచి రెండుచేతులూ ఆమెకు చాపింది.